‘ఇంత లేదా అంతకు మించి’: ఆగిపోయిన కొలతల నుంచి గరిష్ఠాల అంచనా
(ఆచార్య సి.ఆర్. రావు స్మారక ఉపన్యాసం)



ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణారావు గారి స్మృతిలో మాట్లాడే అవకాశం నాకు దక్కిన పెద్ద గౌరవం. 1920 సెప్టెంబరు 10న, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని హడగళిలో, తెలుగు కుటుంబంలో ఆయన పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తా వెళ్ళి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 2023 ఆగస్టు 22న, నూట మూడేళ్ళు నిండడానికి కొద్ది రోజుల ముందు కన్నుమూశారు. ఆ ఏడాదే గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ పురస్కారం ఆయనకు అందింది.

ఆయన కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న తొలి రోజుల సంగతి ఒకటి ఈ సభకు గుర్తు చేయాలి. నమూనా బాగా పెద్దదైనప్పుడు అంచనాలోని పొరపాటు ఒక హద్దుకు దిగువకు పోదన్న గణాంకవేత్త ఫిషర్ ఫలితాన్ని ఆయన తరగతిలో వివరిస్తున్నారు. మరి నమూనా చిన్నదైతే ఆ హద్దు సంగతేమిటని వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి అడిగారు. ఆ రాత్రి కూర్చుని రావు గారు జవాబు సాధించారు. మర్నాడు తరగతిలో వినిపించారు. 1945లో అచ్చయిన వ్యాసంలోని ఆ ఫలితాన్ని ఇవాళ ప్రపంచమంతా క్రామెర్–రావు అసమానత పేరుతో చదువుకుంటోంది. దాని సారం ఇది: ఏ డేటాలోనైనా కొంత సమాచారమే ఉంటుంది. ఆ సమాచారం ఎంతో లెక్కగట్టవచ్చు. ఏ ఒక్క వైపుకూ మొగ్గని అంచనా సూత్రం ఎంత గొప్పదైనా ఆ సమాచారం అనుమతించిన దానికంటే కచ్చితంగా చెప్పలేదు.

ఈ సత్యానికి అత్యంత కఠినమైన పరీక్ష జరిగే చోటు ఒకటుంది. మనం ఇంతవరకూ చూడనంత పెద్ద వరద, పెద్ద గాలి, పెద్ద అల ఎంత ఉండవచ్చో అంచనా వేయాలి. ఆ అంచనాకు ఆధారమైన కొలతలేమో సరిగ్గా పెద్ద విలువల దగ్గరే మధ్యలో ఆగిపోయి ఉంటాయి. గణాంకశాస్త్రం వీటిని సెన్సార్డ్ డేటా అంటుంది. నేనివాళ వాటిని ఆగిన కొలతలు అంటాను. ఆగిన కొలతను పారేయకూడదు, పూర్తి కొలతగా చెలామణీ చేయకూడదు. దాన్ని ఉన్నదున్నట్టుగా, ‘ఇంత లేదా అంతకు మించి’ అనే రూపంలోనే లెక్క చివరిదాకా మోసుకుపోవాలి. నేను చెప్పదలచినదంతా ఇదే.

ముల్లు ఆగిన చోట

1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో నాలుగో రియాక్టర్ పేలింది. అక్కడి సిబ్బంది చేతికి దొరికిన రేడియేషన్ మాపకాలు సెకనుకు ఒక మిల్లీరాంట్‌జెన్ వరకే చూపగలవు. గంటకు లెక్క కడితే 3.6 రాంట్‌జెన్లు. ముల్లు ఆ చివరికి వెళ్ళి ఆగింది. గంటకు 3.6 రాంట్‌జెన్లన్న అంకె పైవాళ్ళకు చేరింది. పగిలిన రియాక్టర్ పరిసరాల్లో కొన్ని చోట్ల అసలు స్థాయి గంటకు వేల రాంట్‌జెన్లు. పరికరం చెప్పింది ‘కనీసం 3.6’ అని. చేతులు మారేసరికి ‘కనీసం’ అన్న మాట రాలిపోయి అంకె ఒక్కటే మిగిలింది.

1974 డిసెంబరు 25న ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని ట్రేసీ తుపాను నేలమట్టం చేసింది. విమానాశ్రయంలోని గాలిమాపకం గంటకు 217 కిలోమీటర్ల ఈదురుగాలిని నమోదు చేసి, ఆ తర్వాత పాడైపోయింది. ఆ రాత్రి గరిష్ఠ గాలివేగం 217 అని రాస్తే తప్పు. 217 వరకు చూశాం, ఆపైన చూడలేదు అని రాస్తేనే ఒప్పు.

2011 మార్చి 11న జపాన్ తూర్పు తీరాన్ని సునామీ ముంచెత్తింది. జపాన్ వాతావరణ సంస్థ పట్టికల్లో ఆనాటి అలల ఎత్తులు చూడండి. సోమా దగ్గర 9.3 మీటర్లు లేదా అంతకు మించి, మియాకో దగ్గర 8.5 మీటర్లు లేదా అంతకు మించి, ఓఫునాతో దగ్గర 8 మీటర్లు లేదా అంతకు మించి. కొలిచే కేంద్రాలే అలలో కొట్టుకుపోయాయి, పాడైపోయాయి. అయినా ఆ సంస్థ ప్రతి అంకె పక్కనా ఆ చిన్న మాటను నిలబెట్టింది. ఆ పట్టికను నేను ఎంతో గౌరవంతో చూస్తాను.

అదే రోజున ఇంకో రకం ఆగడం కూడా జరిగింది. భూకంపం వచ్చిన మూడు నిమిషాల్లో ఇచ్చిన తొలి అంచనాలో తీవ్రత 7.9. తుది లెక్కలో అది 9.0. తొందరగా లెక్కగట్టే ఆ పద్ధతి 8 దాటిన భూకంపాల దగ్గర ఇక పైకి ఎక్కలేదు. దేశంలోని బ్రాడ్‌బ్యాండ్ భూకంపమాపకాలు చాలా వరకు స్కేలు దాటిపోవడంతో వెంటనే సరిదిద్దే వీలు కూడా లేకపోయింది. ఫలితంగా తొలి హెచ్చరికలో మియాగికి 6 మీటర్లు, ఇవాతే, ఫుకుషిమా తీరాలకు 3 మీటర్లు అని ప్రకటించారు. పెద్ద అంకెలు వచ్చేసరికి దాదాపు అరగంట గడిచింది. ఆ అనుభవంతో 2013 నుంచి పద్ధతి మార్చారు. 8 దాటే మహా భూకంపం అనిపిస్తే తొలి హెచ్చరికలో అంకె చెప్పరు. ‘అతి భారీ’ అనే మాటతోనే జనాన్ని ఎత్తైన చోట్లకు పంపిస్తారు. తెలియని అంకెను తెలిసినట్టు ప్రకటించడం కంటే ఇదే ప్రాణాలు కాపాడుతుందని వాళ్ళు గ్రహించారు.

మూడు లెక్కలు, మూడు గోడలు

ఇప్పుడు కొద్దిగా లెక్క చేద్దాం. ఇవి అర్థం కావడానికి నేను కల్పించిన అంకెలు. ఒక తీరంలో ప్రమాద స్థాయిని దాటిన ఎనిమిది ఉప్పెనలు వచ్చాయనుకుందాం. ప్రమాద స్థాయి పైన ఎంత ఎత్తు లేచాయన్నది మన కొలత. ఐదింటికి పూర్తి కొలతలున్నాయి: 0.4, 0.7, 1.1, 1.5, 2.3 మీటర్లు. మిగతా మూడింటిలో పరికరం 2.5 మీటర్ల దగ్గర ఆగింది. అవి ‘2.5 లేదా అంతకు మించి’.

ఒకాయన ఆగిన మూడింటినీ అసంపూర్ణమని పక్కన పెడతాడు. మిగిలిన ఐదింటి మొత్తం 6 మీటర్లు, సగటు 1.2. రెండో ఆయన ఆ మూడూ సరిగ్గా 2.5 అనుకుంటాడు. మొత్తం 13.5, ఎనిమిదితో భాగిస్తే సగటు దాదాపు 1.69. మూడో ఆయన ఒక్కో కొలత మోసుకొచ్చిన సమాచారాన్ని విడివిడిగా చూస్తాడు. పూర్తి కొలత అయితే ‘సరిగ్గా ఇక్కడ’ రావడానికి ఎంత అవకాశం ఉందో లెక్కలోకి తీసుకుంటాడు. ఆగిన కొలత అయితే ‘ఇక్కడి నుంచి పైన ఎక్కడైనా’ రావడానికి ఎంత అవకాశం ఉందో తీసుకుంటాడు. అన్నిటినీ గుణించి, ఆ గుణకారం గరిష్ఠమయ్యే సగటును వెతుకుతాడు. ఫిషర్ నేర్పిన లైక్లీహుడ్ పద్ధతి ఇదే. స్థాయి దాటిన ఎత్తులు ఎక్స్‌పొనెన్షియల్ విభాజనాన్ని అనుసరిస్తాయనుకుంటే జవాబు ఎంతో సరళంగా వస్తుంది. మొత్తం 13.5 మీటర్లను ఎనిమిదితో కాదు, పూర్తిగా చూసిన ఐదింటితో భాగించాలి. సగటు 2.7 మీటర్లు.

వంద ఉప్పెనల్లో ఒక్కటి మాత్రమే దాటే ఎత్తుకు గోడ కట్టాలనుకుందాం. ఈ విభాజనంలో ఆ ఎత్తు సగటుకు 4.6 రెట్లు ఉంటుంది. మొదటి ఆయన గోడ 5.5 మీటర్లు. రెండో ఆయన గోడ 7.8 మీటర్లు. మూడో ఆయన గోడ 12.4 మీటర్లు. చేతిలో ఉన్న డేటా ఒక్కటే. తేడా అంతా ఆ మూడు కొలతలను ఎలా చూశామన్న దానిలోనే ఉంది. మొదటి పద్ధతి సముద్రం చేసిన అతి పెద్ద ప్రయత్నాలనే సాక్ష్యం నుంచి తొలగించింది. అవి ఆగిపోయింది పెద్దవి కాబట్టే. అలాంటివాటినే తీసేసి మిగిలినవాటి సగటుతో గోడ కడితే, ఆ గోడ వెనక ఊరు నిలవదు.

1958: రెండు రచనలు

గరిష్ఠాల సిద్ధాంతానికి పునాది 1927లో ఫ్రెషే, 1928లో ఫిషర్, టిపెట్ వేశారు. టిపెట్ బ్రిటన్‌లో నూలు పరిశ్రమ పరిశోధన సంస్థలో పనిచేసేవారు. దారం తెగేది దాని అత్యంత బలహీనమైన చోట కాబట్టి కనిష్ఠాల స్వభావం ఆయనకు రోజువారీ ప్రశ్న. స్వతంత్రమైన ఎన్నో పరిమాణాల్లో గరిష్ఠాన్ని తీసుకుంటూ పోతే, మూల విభాజనం ఏదైనా, హద్దు విభాజనం అంటూ ఒకటి ఉంటే అది మూడు కుటుంబాల్లో ఒకదానికే చెందుతుంది. 1943లో గ్నెదెంకో దీనికి పూర్తి నిరూపణ ఇచ్చారు. ఒక కుటుంబంలో తోక, అంటే పెద్ద విలువల వైపున్న విభాజనపు చివరి భాగం, బరువైనది, ఎంత పెద్ద విలువైనా రావచ్చు. ఇంకో దానిలో తోక త్వరగా సన్నబడుతుంది. మూడో దానిలో ఒక కచ్చితమైన పై హద్దు ఉంటుంది. ఒక ఎత్తైన స్థాయిని దాటిన భాగానికి కూడా ఇలాంటి నియమమే ఉందని 1974, 75లలో బల్కేమా, డి హాన్, పికండ్స్ చూపారు. చూసినదాని నుంచి చూడనిదానికి వెళ్ళడానికి మనకున్న వంతెన ఈ సిద్ధాంతాలే. 1953లో ఉత్తర సముద్రపు ఉప్పెన నెదర్లాండ్స్‌లో 1,836 మందిని బలిగొన్న తర్వాత, అతి ముఖ్యమైన ప్రాంతాల్లో పదివేల ఏళ్ళకు ఒకసారి వచ్చే స్థాయికి కరకట్టలు కట్టాలని ఆ దేశం నిర్ణయించింది. ఆ నిర్ణయానికి తర్కం ఇచ్చింది గరిష్ఠాల గణాంకమే.

ఈ విద్యను ఇంజనీర్ల చేతికి అందించినవారు ఎమిల్ గుంబెల్. ఆయన జీవితం ఇక్కడ చెప్పదగ్గది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో జరిగిన రాజకీయ హత్యలను ఆయన ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, 1922లో పుస్తకంగా వేశారు. కుడిపక్షీయులు చేసిన హత్యలు 354, వామపక్షీయులు చేసినవి 22. శిక్షలు మాత్రం దానికి తలకిందులుగా పడ్డాయని అంకెలతో చూపారు. 1932లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోయింది. ఫ్రాన్సుకు, అక్కడి నుంచి 1940లో అమెరికాకు తరలిపోయారు. లెక్కలోకి రావాల్సినదేదీ జారిపోకూడదన్న పట్టుదల ఆయనది. 1958లో గరిష్ఠాల గణాంకంపై ఆయన రాసిన గ్రంథం నదులు, గాలులు, లోహాల బలం మీద పనిచేసేవారందరికీ ఆధారమైంది.

అదే 1958లో కాప్లాన్, మేయర్ ఇద్దరూ కలిసి రాసిన వ్యాసం వెలువడింది. సముద్రగర్భంలో వేసే టెలిఫోన్ కేబుళ్ళలో వాక్యూమ్ ట్యూబులు ఎంతకాలం పనిచేస్తాయన్నది బెల్ ప్రయోగశాలల్లో కాప్లాన్ ప్రశ్న. క్యాన్సర్ రోగులు ఎంతకాలం బతుకుతారన్నది మేయర్ ప్రశ్న. ఇద్దరి డేటాలోనూ ఆగిన కొలతలే. ట్యూబు ఇంకా వెలుగుతోంది, రోగి ఇంకా బతికే ఉన్నాడు. ఒకే పత్రికకు విడివిడిగా పంపిన వ్యాసాలను కలిపి రాయాలని సంపాదకులు సూచించారు. ప్రతి దశలోనూ అప్పటిదాకా పరిశీలనలో మిగిలినవారిని మాత్రమే హారంగా తీసుకునే వాళ్ళ పద్ధతిని ఈనాటికీ ఎన్నో వైద్య పరిశోధనల్లో చూస్తాం.

ఈ రెండు రచనల్లోనూ ఒక్కో వెలితి ఉంది. గుంబెల్ పద్ధతులు ప్రధానంగా పూర్తి కొలతల కోసం తయారైనవి. ఎంత భాగం ఇంకా మిగిలి ఉందో చూపే కాప్లాన్–మేయర్ రేఖ ఆగిన కొలతలను న్యాయంగా చూస్తుంది గానీ, డేటాలోని అతి పెద్ద కొలతే ఆగినదైతే ఆ రేఖ సున్నాకు చేరకుండా అక్కడే నిలిచిపోతుంది. దాని ఆవల ఏముందో అది చెప్పదు. మనకు కావలసింది సరిగ్గా ఆ ఆవలి భాగమే.

భాగించవలసిన సంఖ్య

ఈ రెండు దారులూ గట్టిగా కలవడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. 2007లో బైర్లాంట్, ఆయన సహచరులు, 2008లో ఐన్‌మాల్, ఆయన సహచరులు వెలువరించిన వ్యాసాలు ఇందులో కీలకం. బరువైన తోకను కొలవడానికి 1975లో హిల్ ఇచ్చిన సూత్రం ఒకటుంది. పై నుంచి కొన్ని కొలతలు తీసుకుని, అవి స్థాయిని ఎన్ని రెట్లు దాటాయో లాగరిథమ్‌లలో లెక్కించి, సగటు కట్టాలి. కొలతలు ఆగినవైతే ఈ సగటు తక్కువ చేసి చెబుతుంది. ఎందుకంటే మనకు కనబడేది అసలు విలువ, కొలతను ఆపే హద్దు, ఈ రెండింట్లో చిన్నది మాత్రమే. కాబట్టి కనబడే తోక ఎప్పుడూ అసలు తోక కంటే సన్నగానే ఉంటుంది. దీనికి దిద్దుబాటు చాలా సులువైనది: పై కొలతల్లో పూర్తిగా చూసినవి ఎంత భాగమో ఆ భిన్నంతో హిల్ అంచనాను భాగించాలి.

మన ఉప్పెనల లెక్కను మళ్ళీ చూడండి. అన్నిటినీ కలిపి తీసిన సగటు 1.69. పూర్తిగా చూసినవి ఎనిమిదిలో ఐదు. 1.69ని 5/8తో భాగిస్తే వచ్చేది 2.7. రెండూ ఒకే సూత్రం. లాగరిథమ్ తీసుకోగానే బరువైన తోక ఎక్స్‌పొనెన్షియల్ తోకగా మారడమే దానికి కారణం.

ఈ భాగహారం ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. పై కొలతలన్నీ ఆగినవే అయితే ఆ భిన్నం సున్నా, సున్నాతో భాగించలేం. అంటే ఆ డేటాకు తోక గురించి చెప్పే శక్తి లేదు. అప్పుడు ఇంకో సాక్ష్యం వెతకాలి. నీటి గుర్తులు, మట్టి పొరలు, పొరుగు కేంద్రాల కొలతలు, భౌతికశాస్త్రం ఇచ్చే హద్దులు చూడాలి.

ఇంకో షరతు ఉంది. కొలత ఎందుకు ఆగింది? పరికరం గరిష్ఠ పరిమితి ముందే తెలిసి, అక్కడే ఆగితే లెక్క నిలుస్తుంది. ఏదో చెత్త వచ్చి తగిలి, అసలు విలువతో సంబంధం లేకుండా ఆగినా నిలుస్తుంది. కానీ ఇంకా పెరగబోతున్న వాటినో, త్వరలో ముగియబోతున్న వాటినో ఏరి ఆపే కారణం ఏదైనా ఉంటే, ఉదాహరణకు రోగం ముదిరినవారే ఆసుపత్రికి రావడం మానేసినట్టయితే, ఈ సూత్రాలు దారి తప్పిస్తాయి. ఆ కారణం అంకెల్లో కనబడదు. కొలిచిన మనిషి రాసిన నోటులో మాత్రమే ఉంటుంది.

నదుల దగ్గర

మన నదుల దగ్గర ఇంకో రకం ఆగిన కొలతలున్నాయి. వాటికి ముందు కొన్ని పూర్తి కొలతలు చూద్దాం. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టు 16న 75.6 అడుగులకు చేరింది. 1990లో 70.8, 2022 జులైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే ఇస్తారు. ధవళేశ్వరం దగ్గర 1986లో ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులు. పోలవరం స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కులకు రూపొందించారు. ఈ రెండు అంకెల మధ్యనున్న దూరాన్ని చూడండి. చూసిన గరిష్ఠానికీ, తట్టుకోవాల్సిన గరిష్ఠానికీ మధ్య ప్రయాణం అంత పెద్దది.

ఆ ప్రయాణంలో పాత కాలపు సాక్ష్యం ఎంతో సాయపడుతుంది. ఒక రేవులో గుడి మెట్టు దాకా నీళ్ళు వందేళ్ళలో రెండుసార్లే వచ్చాయని నమ్మకంగా తెలిస్తే, మనకు తెలిసినవి రెండు వరదలు మాత్రమే కాదు. మిగతా తొంభై ఎనిమిది ఏళ్ళలోనూ నీరు ఆ మెట్టు దాటలేదని కూడా తెలుసు. ఆ ఏళ్ళ అంకెలు లేకపోయినా, ‘ఇంతకు లోపే’ అన్నది కూడా ఒక రకం ఆగిన కొలతే. అమెరికాలో వరద లెక్కలకు ప్రామాణికమైన బులెటిన్ 17సి ఇలాంటి సమాచారాన్ని పద్ధతిగా వాడుకుంటుంది. ప్రతి ఏడాది వరదనూ ఒక అంకెగా కాక, కింది హద్దు, పై హద్దు ఉన్న అంతరంగా చూస్తుంది.

కృష్ణా నది దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 2009 అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి వచ్చిన వరద సుమారు 25 లక్షల క్యూసెక్కులు. డ్యామ్ రూపకల్పనలో అనుకున్న దానికంటే అది బాగా ఎక్కువ. కర్నూలు నగరం మునిగింది. అదే వరద ప్రకాశం బ్యారేజీ చేరేసరికి 11 లక్షల క్యూసెక్కుల స్థాయికి తగ్గింది. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలు దాన్ని పట్టి, నిదానంగా వదిలాయి. 2024 సెప్టెంబరులో విజయవాడ దగ్గర ఆ స్థాయిని కూడా ప్రవాహం దాటింది. విజయవాడ పట్టికలోని అంకె నది సహజ ఉధృతి అనుకుని విభాజనం గీస్తే, డ్యాముల నిర్వహణను వర్షం స్వభావంగా పొరబడతాం. ఏ కొలత నదిది, ఏ కొలత గేట్లది అన్నది పట్టికలోనే రాసి ఉండాలి.

మనిషి ఆయువుకు హద్దుందా?

ఈ గణితం మనిషి ఆయుర్దాయాన్ని కూడా తాకింది. ఫ్రాన్సుకు చెందిన జీన్ కాల్మెంట్ 1997లో 122 ఏళ్ళ 164 రోజుల వయసులో మరణించారు. ఆ రికార్డు ఇంకా నిలిచే ఉంది. మరి అది హద్దుకు దగ్గరా? నూటపదేళ్ళు దాటి ఇంకా బతికి ఉన్నవారు ప్రతి ఒక్కరూ ఒక ఆగిన కొలత. వారిని వదిలేస్తే ఆయువు నిజం కంటే తక్కువగా తేలుతుంది. 2017లో రూట్సెన్, జోలుద్ నూటపదేళ్ళ తర్వాత వయసు పెరిగినా మరణావకాశం పెరగడం లేదని, ఏటా బతికే అవకాశం 47 శాతం దగ్గర నిలుస్తోందని చూపారు. అలాగైతే కచ్చితమైన పై హద్దు లేదు, కానీ చాలా దూరం పోవడం అత్యంత అరుదు. 2019లో నెదర్లాండ్స్ డేటాతో పనిచేసిన ఐన్‌మాల్ బృందం మాత్రం హద్దు ఉందనే సూచన చూసింది. మూడు కుటుంబాల్లో ఏదన్న ప్రశ్న తోక ఆకారాన్ని తెలిపే సంఖ్య గుర్తు, ధనమా రుణమా సున్నానా అన్నదాని మీద తేలుతుంది. ఆ గుర్తును తేల్చేది పైన మిగిలిన కొద్దిమంది. అందుకే నిపుణులు ఇంకా వాదించుకుంటున్నారు. నిజాయితీ ఉన్న వాదన అది.

రావు గారి హద్దు

ఇప్పుడు మళ్ళీ రావు గారి దగ్గరకు రావాలి. మన ఉప్పెనల సగటు 2.7 మీటర్లన్నాం. దాన్ని ఎంత గట్టిగా నమ్మవచ్చు? ఎక్స్‌పొనెన్షియల్ విభాజనంలో సమాచారం పూర్తిగా చూసిన కొలతల సంఖ్యను బట్టే ఉంటుంది. మనకు అవి ఐదు. పొరపాటు సగటును ఐదు వర్గమూలంతో భాగించినంత, అంటే దాదాపు 1.2 మీటర్లు. నూటికి తొంభై ఐదు పాళ్ళ నమ్మకంతో చెప్పాలంటే గోడ ఎత్తు 12.4 అని ఒక్క అంకె ఇచ్చి ఊరుకోకూడదు. సుమారు 5 మీటర్ల నుంచి 30 మీటర్ల దాకా అనాలి. కంప్యూటరు ఎంత వేగమైనదైనా, సూత్రం ఎంత సొగసైనదైనా, ఈ వెడల్పును పెద్దగా తగ్గించలేదు. తగ్గించగలిగేది అదనపు సమాచారం ఒక్కటే.

ఆ వెడల్పు చెప్పడానికి మనలో చాలామంది జంకుతారు. ఇంజనీరుకు ఒక్క అంకె కావాలి, అధికారికి ఒక్క అంకె కావాలి, పత్రికకూ ఒక్క అంకె కావాలి. ఫుకుషిమా దైచి అణు కేంద్రంలో సునామీకి అనుకున్న ఎత్తు 5.7 మీటర్లు, వచ్చింది దాదాపు 14, 15 మీటర్లు. 5.7 అన్న అంకె పక్కన దాని వెడల్పు కూడా నిలబడి ఉంటే, అత్యవసర జనరేటర్లు ఎక్కడ పెట్టాలన్న చర్చ వేరే దారిలో నడవడానికి అవకాశం ఉండేది. ఏది తెలియదో చెప్పడం బలహీనత కాదు. రావు గారి అసమానత తెలియనిదాన్ని కూడా కొలిచి చూపింది. గణాంకశాస్త్రం సమాజానికి చేసిన అతి పెద్ద సేవల్లో అదొకటి.

మనం చేయవలసింది

చివరగా నాలుగు విన్నపాలు.

మొదటిది, కొలిచేవారికి. వర్షమైనా, వరదైనా, గాలైనా, రోగి ఆయువైనా, ప్రతి పట్టికలో అంకె పక్కన ఇంకో గడి ఉండాలి. కొలత పూర్తయిందా, ఆగిందా? ఆగితే ఎక్కడ, ఎందుకు? వర్షమాపకం నిండి పొర్లితే ‘పొర్లింది’ అని రాయాలి. ఆ ఒక్క మాట భవిష్యత్తులో వేలమందికి అక్కరకొస్తుంది.

రెండోది, ప్రభుత్వ శాఖలకు. పరికరం కొట్టుకుపోయిన చోట వరద తీసిన వెంటనే సర్వేయర్లను పంపించండి. గోడల మీద, చెట్ల మీద నీటి గుర్తులు కొద్ది రోజులే ఉంటాయి. అవి చెరిగేలోగా కొలిస్తే ఆగిన కొలత ఇరుకైన అంతరంగా, దాదాపు పూర్తి కొలతగా మారుతుంది. పైన చెప్పిన సూత్రంలో హారం పెరుగుతుంది, గోడ ఎత్తులో సందేహం తగ్గుతుంది.

మూడోది, ఉపాధ్యాయులకు. మన డిగ్రీ తరగతుల్లో సగటు, విచలనం చెప్పిన వెంటనే ఆగిన కొలతల పాఠం కూడా చెప్పండి. విద్యార్థి చేతికొచ్చే నిజమైన డేటాలో సగం అలాగే ఉండవచ్చు. లోపమున్న వరుసను తొలగించమని నేర్పే ముందు, ఆ లోపం ఎందుకు వచ్చిందో అడగడం నేర్పండి.

నాలుగోది, ఈ సభలో ఉన్న విద్యార్థులకు. ఈ రంగంలో చేయవలసింది చాలా ఉంది. వాతావరణం మారుతున్నప్పుడు ఒకే విభాజనం నిలవదు. ఒకే తుపానులో చాలా కేంద్రాలు ఒకేసారి ఆగిపోతే అవి స్వతంత్రం కావు. ఆగడానికి కారణం విలువతోనే ముడిపడి ఉంటే ఏం చేయాలన్నది ఇంకా తెరిచి ఉన్న ప్రశ్న. రావు గారి ముందు కూర్చున్న ఒక విద్యార్థి ‘చిన్న నమూనాకు ఏమవుతుంది?’ అని అడిగాడు కాబట్టే ఒక గొప్ప ఫలితం పుట్టింది. మీరూ అలాగే అడగండి: మా జిల్లా నదికి ఏమవుతుంది, మా తీరానికి ఏమవుతుంది, మా ఆసుపత్రి రికార్డుల్లో ఎన్ని కొలతలు ఆగినవి అని అడగండి. జవాబు వెడల్పుగా వస్తే వెడల్పుగానే చెప్పండి. ‘అంతకు మించి’ అన్న మాటను చెరపకుండా లెక్క చివరిదాకా తీసుకెళ్ళడమే ఆయన స్మృతికి మనం చేయగల నిజమైన నివాళి.